జ్ఞానవతి గారి సగం తొట్టి

మా జ్ఞానవతి గారికి ఒకే ఒక్క పిచ్చి. నాలుగడుగుల గాజు తొట్టిలో సగానికి నీళ్ళు పోసి, మిగతా సగంలో కొండ కడతారు. ఆ కొండ కూలిపోతుంది. మళ్ళీ కడతారు. మళ్ళీ కూలిపోతుంది.

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మా పక్కిల్లే ఆవిడది. నరసాపురంలో పుట్టి, ఇక్కడి ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళు పెరట్లో టమాటాలు వేసుకుంటారు. ఈవిడ తోటనీ చెరువునీ కలిపి, హాల్లో టీవీ ఉండాల్సిన చోట పెట్టుకున్నారు. అడుగున గులకరాళ్ళు, నీళ్ళలో మొక్కలు, వేలెడంత చేపలు. వెనకవైపు రాళ్ళు పేర్చి, సందుల్లో బంకమట్టి కూరి, పైన ఫెర్న్ మొక్కలు, పచ్చటి నాచు. చిన్న మోటారు నీళ్ళను పైకి తోడితే కొండమీంచి సన్నగా జలపాతం. మా అమ్మాయి చూసి, "డాడీ, దిస్ ఈజ్ కాల్డ్ ఎ పాలుడేరియం," అంది.

"ఏమో తల్లీ, నాకు సగం తొట్టి," అన్నారు జ్ఞానవతి గారు.

ఆ చేపలకి కొండ విరిగిపడటం బాగా అలవాటైపోయింది. రాయి కదిలిన చప్పుడు వినపడితే చాలు, ఫైర్ డ్రిల్‌లో స్కూలు పిల్లల్లా వరసగా వెళ్ళి ఓ మూల నిలబడేవి.

అవి మన స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులు. బస్సెక్కితే వరంగల్ మాట, సూపర్ మార్కెట్లో గుంటూరు మాట. ఒక్కో బేస్‌మెంట్‌లో ఎంతమంది ఉంటున్నారో ఓనరుకే తెలియదు. చర్చిలోగానీ బస్టాపులోగానీ కొత్త మొహం కనపడితే జ్ఞానవతి గారు వదిలేవారు కాదు.

"ఏ ఊరు నాన్నా?"

"తెనాలండీ."

"రాళ్ళు ఎత్తగలవా?"

"ఆఁ?"

"మా ఇంట్లో కొండ కూలింది. శనివారం రా."

వారమంతా వేర్‌హౌసుల్లో పెట్టెలు మోసిన పిల్లల చేత శనివారం రాళ్ళు మోయించడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. పైగా పని మధ్యలో చేతులు కూడా కడుక్కోనిచ్చేవారు కాదు. "మట్టి ఆరిపోతుంది, ఆపకండి," అంటూ అన్నం కంచంతో తొట్టి చుట్టూ తిరుగుతూ, ముద్దలు కలిపి వాళ్ళ నోళ్ళలో కుక్కేసేవారు. లంచ్ బ్రేక్ కూడా ఇవ్వని మేనేజర్‌ని నేను ఐటీలో ఇన్నేళ్ళుండి కూడా చూడలేదు.

"అక్కా, ఆ పిల్లల్ని ఎందుకు పీడిస్తారు? మీ కొండకి పునాది లేదు. డిజైన్ తప్పు," అన్నాను ఓసారి.

"నువ్వు కంప్యూటర్ల ఇంజినీరువి కదయ్యా క్రిస్టఫరూ. కొండల సంగతి నీకెందుకు?" అన్నారు.

ఇంతలో మా ఎదురింటి బేస్‌మెంట్‌లోకి చాందిని అనే అమ్మాయి వచ్చింది. ఖమ్మం పిల్ల. కాలేజీకి వెళ్తూ వేర్‌హౌస్‌లో చేస్తోంది. అక్కడ షిఫ్టులు తగ్గించేశారట. చూస్తుండగానే చిక్కి సగమైంది. మా ఆవిడ బేబీ ఎప్పుడు భోజనానికి పిలిచినా ఒకటే జవాబు.

"ఇప్పుడే తిన్న ఆంటీ."

ఓ ఆదివారం బేబీ బిర్యానీ డబ్బా పట్టుకెళ్తే, గుమ్మంలోనే దండం పెట్టి, "వద్దాంటీ, కడుపు నిండుగున్నది," అని తలుపేసుకుందట. ఆ బిర్యానీ నేనే తిన్నాను. మనసొప్పక తిన్నా ఏమీ మిగల్లేదనుకోండి.

"ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదండీ. ఇలాగే ఉంటే ఏ బస్సులోనో పడిపోతుంది," అని బేబీ ఏడుపు మొహం పెట్టింది.

అలాంటి పిల్లని జ్ఞానవతి గారు పట్టుకుని, "మా కొండ కూలేలా ఉంది, శనివారం మధ్యాహ్నం రా," అని చెప్పారని తెలిసింది. ఇక నావల్ల కాలేదు. నిలబడటానికే ఓపిక లేని పిల్ల చేత రాళ్ళు మోయిస్తారా? ఆ కొండ సంగతేదో తేల్చేద్దామనుకున్నాను.

ఆ గురువారం ఆవిడ రిచ్‌మండ్ హిల్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్తూ, చేపలకి మేత వెయ్యమని తాళం మాకిచ్చారు. నేను చేపల్ని బకెట్లోకి మార్చాను. నీళ్ళు తోడేశాను. రాళ్ళన్నీ తుడిచి ఆరబెట్టి, చేపలకి హాని చెయ్యని జిగురు కొనుక్కొచ్చి, ఒక్కో రాయినీ అతికించాను. ఆరాక మళ్ళీ మట్టి, మొక్కలు, నీళ్ళు. చేపలు తిరిగొచ్చి కొండని అనుమానంగా చూశాయి. కేంబ్రిడ్జ్ కొట్టుకుపోవాలే గానీ ఆ కొండ మాత్రం కదలదు.

శనివారం ఆవిడ దిగేసరికి మెచ్చుకోలు కోసం హాల్లోనే నిలబడ్డాను. జ్ఞానవతి గారు కోటు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికెళ్ళి, పైరాయిని వేలితో తోశారు. తర్వాత రెండు చేతులతో తోశారు. వంటింట్లోకెళ్ళి అట్లకాడ తెచ్చి రాళ్ళ సందులో పెట్టి ఎత్తారు. అట్లకాడ వంగింది.

"ఎవరు చేశారీ పని?"

"నేనే అక్కా! ఇక జన్మలో కూలదు."

ఆవిడ సోఫాలో కూలబడ్డారు. "కొంప ముంచావు కదయ్యా!"

"అదేంటక్కా?"

"మన పిల్లలు పిలిచి అన్నం పెడితే తింటారా? పేగులు మాడుతున్నా 'తిన్నానండీ' అంటారు. వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతారు. అదే పని ఉందంటే పరిగెత్తుకొస్తారు. రెండు చేతులకీ మోచేతుల దాకా మట్టుంటే అడ్డం ఏం పెడతారు? ముద్ద నోటి దగ్గరికొస్తే తినక చస్తారా?"

"మరి కొండ?"

"నేనే తోస్తాను. అంత బంకమట్టి పెట్టి కట్టింది దానంతటది ఎలా కూలుతుందయ్యా? నువ్వేం ఇంజినీరువి!"

నాకు సిగ్గూ వేసింది, ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనీ అనిపించింది. రెండింటికీ టైము లేదు. కిటికీలోంచి చూస్తే చాందిని రోడ్డు దాటుతోంది.

ఇంటికి పరిగెత్తి గరాజ్‌లోంచి సుత్తీ స్క్రూడ్రైవరూ తెచ్చాను. నేను కొడుతుంటే ఆవిడ అట్లకాడతో పెకలిస్తున్నారు. చేపలు ఎప్పుడో మూలకెళ్ళిపోయాయి. కాలింగ్ బెల్ మోగడం, కొండ దబ్బున నీళ్ళలో పడి నా మొహం తడిసిపోవడం ఒకేసారి జరిగాయి.

"నమస్తే ఆంటీ. తినే వచ్చిన," అంది చాందిని గుమ్మంలోంచే.

"నేను తినమన్నానా? రాళ్ళు తియ్యమన్నాను. చూడు, ఈ అంకుల్ ఎంత పని చేశాడో!" అన్నారు జ్ఞానవతి గారు. ఒక్క ముక్క అబద్ధం లేదు.

ఆ పిల్ల చొక్కా చేతులు పైకి మడిచి పనిలోకి దిగింది. నేను బరువు రాళ్ళు ఎత్తిచ్చి, చేతులు కడుక్కొచ్చి తువ్వాలుతో తుడుచుకుంటున్నాను. ఈలోగా జ్ఞానవతి గారు పప్పన్నంలో నెయ్యీ ఆవకాయా కలిపి కంచం పట్టుకొచ్చారు.

"వద్దాంటీ, తిన్..." అంటూ చాందిని రెండు చేతులూ పైకెత్తింది. బురద కారింది.

"అయ్యో, నా కార్పెట్!"

చేతులు గబుక్కున తొట్టిలోకి పోయాయి. నోరు ఇంకా తెరిచే ఉంది. ముద్ద లోపలికెళ్ళింది.

ఆ పిల్ల నమిలింది. తలెత్తకుండా నాచు అద్దుతూ రెండోది తింది, మూడోది తింది. అప్పుడు జ్ఞానవతి గారి ఫోను మోగింది. కంచం పక్కన పెట్టి చెల్లెలితో మాట్లాడటం మొదలెట్టారు. చాందిని ఆవిడ వైపు చూసింది. కంచం వైపు చూసింది, మళ్ళీ నీళ్ళలోకి చూసింది.

"ఆంటీ," అంది మెల్లగా. "ఇంకో ముద్ద పెడ్తరా?"

జ్ఞానవతి గారు చెల్లెలికి ఏమీ చెప్పకుండానే ఫోన్ పెట్టేశారు. "పెడతానమ్మా, నీకు కాక ఎవరికి పెడతాను," అన్నారు. ఈసారి ముద్ద పెద్దది కలిపారు.

నేను తువ్వాలు పక్కన పడేసి, కడుక్కున్న చేతులు రెండూ మళ్ళీ బురదలో పెట్టి, నోరు తెరిచాను.

"నీకు ఇంట్లో బేబీ వండలేదేంటయ్యా?" అన్నారు జ్ఞానవతి గారు. అంటూనే పెట్టారు.