పెద్దనాయన పాదరసంతో పట్టిన కుస్తీ

ఆ రోజుల్లో బెంగళూరు పేటలో ఒక మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని తేల్చడానికి డాక్టరు అక్కర్లేదు. గొంతు వీధి చివరిదాకా వినపడాలి, మొహం ఎర్రగా ఉండాలి, సంగటి ముద్ద మీద ముద్ద దిగాలి. అలాంటివాడికి నూరేళ్ళు ఢోకా లేదని అందరి నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. నేను డాక్టరీ ప్యాసై, నగర్తపేటలో మా పెద్దనాయన ఇత్తడి సామాన్ల అంగడి పక్క గదిలో బోర్డు కట్టుకున్నాను. ఎంత ఎండ కాసినా కోటూ, టై విప్పేవాణ్ణి కాను (విప్పితే లోపల ఉన్నది డాక్టరు కాదని జనానికి తెలిసిపోతుందేమోనని భయం). దండు ప్రాంతంలో, అంటే కంటోన్మెంటులో, పని ముగించుకొని వెళ్ళిపోతున్న ఒక మిలిటరీ డాక్టరు దగ్గర రక్తపు పోటు కొలిచే పెట్టె కొనుక్కొచ్చాను. చెక్కమూత ఎత్తితే నిలువుగా గాజుగొట్టం, అందులో పాదరసం, చేతికి చుట్టే గుడ్డపట్టీ, గాలి కొట్టడానికి రబ్బరు బుడ్డి. ఆ దినం నాకు భోజనం కూడా సయించలేదు, అంత సంబరం.

నా సంబరం పేటవాళ్ళకు అంటలేదు. ఆ పెట్టె చేతిలోంచి రక్తం పీలుస్తుందని ఎవరో పుట్టించారు. రోగులు నా గుమ్మం దాటడం మానేసి, అవతలి వైపు నుంచి తొంగిచూసి పోయేవాళ్ళు. దాంతో మా పెద్దనాయనకు రోషం వచ్చింది. ఆయన్ను పేటంతా ‘వస్తాదు’ అనేది. పొద్దున్నే గరిడీలో కుర్రాళ్ళకు కుస్తీ నేర్పడం, ఆ తర్వాత అంగట్లో కూర్చుని బేరాలకు వచ్చినవాళ్ళ మీద గర్జించడం ఆయన నిత్యకృత్యం. ఒక ఆదివారం శిష్యులందరినీ వెంటేసుకొని నా గదిలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“మా పిల్లోడి పెట్టెకు భయపడతారేందప్పా? కట్టరా నాకు. అందరూ చూస్తారు!”

కట్టాను. గాలి కొట్టాను. పాదరసం జరజరా పైకి పాకింది. గుంపంతా “ఓహో!” అంది. చెవుల్లో గొట్టాలు పెట్టుకొని మెల్లగా గాలి వదులుతూ వింటున్న నేను, చప్పుడు మొదలైన చోటు చూసి గాలి వదలడం ఆపేశాను. “రెండు వందల దగ్గర...” అన్నాను, నాకు తెలియకుండానే.

“రెండు వందలు!” అని ఒకడు కేకపెట్టాడు. అంతే, శిష్యులు వరస కట్టేశారు. పెట్టె భయం ఎటు పోయిందో! కండలు తిరిగిన వాళ్ళంతా ఊపిరి బిగబట్టి, పళ్ళు కొరికి, గురువు అంకెను అందుకోవాలని చూశారు. ఒక్కడూ దగ్గరికి కూడా రాలేదు. ‘గండభేరుండ’ అని బిరుదున్న పయిల్వాను, తన అంకె విని ఏడుపు మొహం పెట్టాడు (నిజానికి వాడిది పాఠ్యపుస్తకంలో అచ్చేయదగ్గ ఆరోగ్యం). “మా గురువును మించినోడు లేడు!” అంటూ పెద్దనాయనను భుజాల మీదికి ఎత్తుకొని వీధిలో ఊరేగింపు తీశారు. నేను మెడలో గొట్టాలు ఊగుతుంటే, టై భుజం మీదికి ఎగిరిపోతుంటే, వెనక పరిగెత్తాను. “దించండప్పా! దించండి! అది గెలుపు కాదు, రోగం!” నా మాట ఎవరికి వినపడుతుంది? అప్పటికే ఎవరో పూలదండ కూడా వేసేశారు.

ఇంటికి వచ్చాక చెప్పాను. పెద్దనాయన నవ్వేశాడు. “గెలిచినోడు రోగిష్టోడారా? సుమ్నె కూకో, నోరు మూసుకొని.” కాని వంటింటి గడపలో నిలబడిన పెద్దమ్మ నవ్వలేదు. “మీ నాయన గూడా ఇట్లనే ఉండె,” అంది పెద్దనాయన కేసి చూసి. “మొగం ఎర్రగా, తల పోటు అని అంటా, అంటానే ఒక దినం అంగడి మెట్ల మీద కూలబడె. ఒక పక్క పడిపోయినాక మళ్ళా లేసినాడా?” పెద్దనాయన చాలాసేపు తన కుడిచేతిని చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు: “ఏం చెయ్యాల్రా?”

అప్పట్లో దీనికి గట్టి మందులు లేవు. ఉప్పు తగ్గించాలి, ఒళ్ళు తగ్గించాలి, నిద్ర పోవాలి, అరవకూడదు అన్నాను. చివరిది చెప్పేటప్పుడు రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన మాత్రం తొడ కొట్టి లేచాడు. “కిందికి దించితే గెలుపా? అయితే ఆ పాదరసాన్ని నేను పడగొట్టేదే!”

మాట నిలబెట్టుకున్నాడు. ఉప్పు లేని చారు కళ్ళు మూసుకొని తాగాడు. ఊరగాయ జాడీ పక్కింటికి వలసపోయింది. అంగట్లో బేరాలు సైగలతో నడిచాయి. కాని ప్రతి ఆదివారం కొలత పెట్టినప్పుడల్లా పాదరసం దిగనంటుంది. ఎలా దిగుతుంది? గది నిండా పయిల్వాన్లు. “దించు గురూ! ఇంకా కిందికి! వదలద్దు!” అని గొంతులు చించుకుంటారు. పెద్దనాయన పిడికిలి బిగించి, పాదరసం కేసి ఎదుటి మల్లుణ్ణి చూసినట్టు చూస్తాడు. నేను నా లావుపాటి పుస్తకాలన్నీ తిరగేశాను గాని, నా చెవుల పక్కన మోగుతున్న గలాటా మాత్రం నాకు తట్టలేదు.

ఒక ఆదివారం జోరువాన. శిష్యులెవరూ రాలేదు. నా కుర్చీలో కూర్చున్న పెద్దనాయన వాన చూస్తూ చూస్తూ కునుకు తీశాడు. లేచాక, మాట్లాడించకుండా పట్టీ చుట్టాను. దిగింది! బాగా దిగింది! నమ్మలేక, కాసేపాగి మళ్ళీ చూశాను. అంతే ఉంది.

పై ఆదివారం శిష్యులకు కఠినమైన ఆజ్ఞ వేశాను: అందరూ బయటే ఉండాలి, కిక్కురుమనకూడదు. నగర్తపేట అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. కొండల్లాంటి మనుషులు పెదాల మీద వేళ్ళు పెట్టుకొని రోడ్డు మీద నిలబడ్డారు. ఎద్దులబండి వస్తే గండభేరుండ ఎదురెళ్ళి, బండివాణ్ణి బతిమాలి ఆపేశాడు. లోపల పెద్దనాయన కళ్ళు మూసుకొని చిన్నపిల్లాడిలా ఊపిరి తీస్తున్నాడు. చప్పుడు విన్నాను. అంకె చూశాను. కిందటి వారం కన్నా ఇంకా కింద ఉంది.

“గెలిచినానా?” అని గుసగుసగా అడిగాడు.

ఊరందరి నోళ్ళూ మూయించిన డాక్టరును, నేను చేసిందేమిటి? కుర్చీ ఎక్కి “గెలిచినావు పెద్దనాయనా! పడగొట్టినావు!” అని వీధి దద్దరిల్లేలా అరిచాను. బయట గుంపు నిశ్శబ్దం కూడా భళ్ళున పగిలింది. ఆ గోలలో ఆయనొక్కడే కదలకుండా కూర్చుని, నా కోటు అంచు పట్టి లాగాడు.

“మెల్లగరా నాయనా, మెల్లగ. దిగి కూకో. నీది ఎక్కుతా ఉండాది!”

తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు, మెట్ల మీద కూలబడకుండానే. నేను ఇప్పుడు ఆయన వయసు దాటాను. రోగులకు అంకె చెప్పేటప్పుడు నా మొహంలో ఏమీ కనపడనివ్వను, గొంతు పెంచను, అందరూ నన్ను నిదానస్థుడంటారు. మంచిదే. కాని ఎవరిదైనా పోటు బాగా దిగిన రోజున, తలుపు దగ్గరికి వేసుకొని, కుర్చీ కేసి ఒకసారి చూస్తాను. మోకాళ్ళు ఒప్పుకోవు గాని, ఎక్కాలనే ఉంటుంది.