ఫ్రిజ్‌లో పెట్టొద్దన్న వైన్

2004 వేసవి. విజయవాడ బస్టాండుకి దగ్గర్లోని ఒక హోటల్లో నేను స్టోర్‌కీపర్‌ని. బారుకి వచ్చే ప్రతి సీసానీ వెలుతురుకెత్తి చూసి, మూత సీలు గోటితో గీకి, అప్పుడు లోపలికి పంపడం నా పని. చదువు నాకు ముప్పై దాటాక రాత్రిబడిలో వచ్చింది. చదవడం వచ్చింది గానీ, లేబుల్ మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మడం రాలేదు. అచ్చు ఎవడైనా వేయించుకోవచ్చు.

మా పనిలో ఈ అనుమానం లేకపోతే నడవదు. ఖాళీ ఫారిన్ సీసాకి ఊళ్ళో మంచి గిరాకీ. దాంట్లో చవక సరుకు నింపి, మూత బిగించి, మళ్ళీ ఫారిన్ అని అమ్మేవాళ్ళున్నారు. దాన్నే డూప్లికేట్ అంటాం. అందుకే ఖాళీ అయిన ఫారిన్ సీసాలని పొద్దున్నే గోనెసంచిలో వేసి, ఇద్దరు చూస్తుండగా సుత్తితో పగలగొట్టేవాళ్ళం. ఆ పని బార్ కెప్టెన్ కరీముల్లాది. కెప్టెన్ అంటే బారులో వడ్డించేవాళ్ళందరికీ పెద్ద. వన్‌టౌన్ మనిషి, నాకంటే చిన్నవాడు, నన్ను అన్నయ్యా అనేవాడు. చుక్క ముట్టడు. తాగనివాడు బారులో ఎందుకున్నాడని మొదట్లో అతన్నీ అనుమానించాను. ఇంట్లో నలుగురు తినాలి కాబట్టి ఉన్నాడు. అంతే.

మా ఊళ్ళో వీధికొక వైన్స్ బోర్డు ఉంటుంది. లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. అలాంటి ఊళ్ళో మా ఓనర్ గారికి అసలైన వైన్ పెట్టాలన్న కోరిక పుట్టింది. నాసిక్ వైపు ఒక కంపెనీ నుంచి ఎర్ర వైన్ పెట్టెలు తెప్పించాడు. వాటిని ఉంచిన చిన్న గదికి ఒకటే తాళం, ఆ తాళం చెవి కరీముల్లా మొలతాడుకే ఉండేది.

మే నెలలో రొయ్యల ఎగుమతిదారు ఒకాయన మా దగ్గర విందు ఇచ్చాడు. సింగపూర్ తిరిగొచ్చిన మనిషి. గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, దించేసి, ఇది డూప్లికేటని అందరి ముందూ అన్నాడు. ఓనర్ గారి మొహం మాడిపోయింది. మిగతా సీసాలు తెప్పించి చూశాం. మూతికున్న రేకు కింద జిగట. రేకు వలిస్తే కార్క్, అంటే బిరడా, కొంచెం పైకి లేచి ఉంది. ఎవరో తీసి మళ్ళీ పెట్టినట్టే ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ వైన్‌మేకర్నే పంపించారు. ద్రాక్ష పులియబెట్టి వైన్ చేయించే పెద్ద అన్నమాట. తీరా చూస్తే మైలవరం మామిడి రైతు కొడుకు, పేరు శివప్రసాద్. ఫ్రాన్సులో చదివాడట. వైన్ గ్లాసులో పోసి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, పుక్కిలించి బకెట్లో ఉమ్మేశాడు. తన సరుకు తానే ఉమ్మేవాడిని ఎలా నమ్మాలి? నాకు ఆ మనిషి మొదటి చూపులోనే నచ్చలేదు.

"ఇది మేం పోసిన వైన్ కాదండి" అన్నాడు.

ఆ మాట చాలు మా ఓనర్ గారికి. బారు హాల్లో అందరినీ నిలబెట్టి, కరీముల్లా చేత తాళం చెవి బల్ల మీద పెట్టించాడు. ఎల్లుండిలోగా ఒప్పుకోకపోతే ఎక్సైజ్ వాళ్ళకి అప్పగిస్తానన్నాడు. కేసు సంగతి అలా ఉంచండి. సీసాలు మార్చాడని పేరు పడ్డ కెప్టెన్ని కృష్ణా జిల్లాలో ఏ బారూ గుమ్మం ఎక్కనివ్వదు. కరీముల్లా నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అతను చేశాడని నేను అనుకోలేదు. చేయలేదనీ అనుకోలేదు. నాకు తెలిసింది ఒకటే, సీసా దగ్గరికి చేరగలిగినవాడు అతనొక్కడే కాదు. కంపెనీ కూడా చేరగలదు. చెడ్డ సరుకు పంపి, మా మనిషి మీదకి నెట్టి పోవచ్చుగా?

శివప్రసాద్ రైలెక్కేదాకా కనిపెట్టుకుని ఉండమని ఓనర్ గారు నాకు చెప్పాడు. మధ్యాహ్నం ఖాళీ బారులో ఎదురుగా కూర్చుని, మాటల్లో పెట్టాను. దేశాలు తిరిగానంటాడు కదా, చెప్పమన్నాను. అబద్ధాలాడేవాడు ఎక్కువ మాట్లాడితే ఎక్కడో ఒకచోట జారతాడు.

అతను మాత్రం ఉత్సాహంగా చెప్పాడు. జార్జియా దేశంలో మనిషి పట్టేంత కుండలు నేలలో పాతి వాటిలో పులియబెడతారట. కల్లుకుండ నేల్లో పాతితే ఈగలు పడవా అంటే, మూత వేసి మట్టితో మెత్తుతారన్నాడు. జర్మనీలో కొండ చరియల మీద నిలబడలేక నడుముకి తాడు కట్టుకుని ద్రాక్ష కోస్తారట. పోర్చుగల్లో కాళ్ళతో తొక్కుతారట. కాళ్ళు కడుక్కుంటారా అనడిగాను. నవ్వేశాడు.

తర్వాత ఒక దీవి సంగతి ఎత్తాడు. అదీ పోర్చుగల్ వాళ్ళదే. పూర్వం ఆ దీవి పీపాలు ఓడల్లో ఎండ దేశాల మీదుగా పోతుంటే, ఆ వేడికి లోపలి వైన్ రుచే మారిపోయిందట. అది జనానికి నచ్చింది. ఇప్పుడు కావాలనే వేడి గదుల్లో పెట్టి కాగబెడతారట.

"ఆ రుచి ఎలా ఉంటదయ్యా?"

"మాడిన బెల్లంలా ఉంటదండి. ఉడికిన ఎండుద్రాక్ష..." అని ఆగిపోయాడు. పొద్దున ఉమ్మిన గ్లాసు వైపు చూశాడు. దాన్ని తీసుకుని మళ్ళీ వాసన చూశాడు.

"బాబాయ్ గారూ, ఈ సీసాలు ఏ గదిలో పెట్టారు?"

ఓనర్ గారి దగ్గర తాళం చెవి అడిగి, తీసుకెళ్ళి చూపించాను. అది వంటింటి పక్క గది. దాని గోడకి అవతలే తందూరీ పొయ్యి. గోడ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు.

"ఇక్కడ ఎవరు పెట్టమన్నారండి?"

"మీ కంపెనీ మనిషే. ఎర్ర వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, బయటే ఉంచాలన్నాడు. మా బయట ఇదే."

అతను అక్కడే ఉన్న పెట్టె మీద కూలబడ్డాడు. బయట ఉంచమనేది చలి దేశాల వాళ్ళ మాట అనీ, మే నెల బెజవాడలో ఆ మాట చెప్పకూడదనీ అన్నాడు. వేడికి వైన్ పొంగి కార్క్‌ని పైకి నెడుతుందట. ఎవరూ సీసా తెరవనక్కర్లేదట.

నేను వెంటనే ఒప్పుకోలేదు. పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఇంకో మాట చెప్పే మనిషి. కరీముల్లా మనుషులెవరైనా బెదిరించారేమోననీ అనుమానపడ్డాను. అదే అడిగేశాను కూడా. అతనికి కోపం వచ్చినట్టుంది గానీ బయటపడలేదు.

"నన్ను నమ్మొద్దండి. సీసాని చూసి నమ్మండి."

పోల్చి చూడడానికి తెచ్చుకున్న మంచి సీసా ఒకటి అతని సంచిలో ఉంది. రేకు ఊడదీశాడు. కార్క్ మూతికి సమంగా ఉంది. వేలితో తడిమి చూసుకున్నాను. తందూరీ గోడకి ఆనించి పెట్టి, తాళం వేసి, చెవి నా జేబులో వేసుకున్నాను. అతని రైలు వెళ్ళిపోయింది, అతను వెళ్ళలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఓనర్ గారిని కూడా పిలిచి తలుపు తీశాను. కార్క్ గోరు వెడల్పున లేచి ఉంది. చుట్టూ జిగట. శివప్రసాద్ పోసుకుని రుచి చూసి, ఉమ్మి, "నిన్నటి రుచి ఇదే. తప్పు మాదండి, ఎలా దాచాలో మేమే తప్పు చెప్పాం. నిన్న నేనన్న మాట కూడా తప్పు" అన్నాడు.

అప్పుడు నమ్మాను. కార్క్ ఒక్కటే అయితే ఇంకో రోజు ఆలోచించేవాణ్ణి. డూప్లికేట్ అన్నంతకాలం అతని కంపెనీ సుఖంగా ఉంది. ఈ మాటతో నష్టం వాళ్ళదే. తన నెత్తికే చుట్టుకునే మాట ఎవడూ ఊరికే చెప్పడు.

సాయంత్రం ఇద్దరం వన్‌టౌన్‌లో కరీముల్లా ఇంటికి వెళ్ళాం. శివప్రసాద్ అంతా చెప్పి చేతులు జోడించాడు. కరీముల్లా టీ ఇప్పించాడు, తను తాగలేదు.

"ఈ మాట మా ఇంట్లో ఎందుకండీ చెబుతారు? నన్ను దొంగని చేసిన చోట చెప్పండి."

మర్నాడు శివప్రసాద్ హాల్లో అందరి ముందూ చెప్పాడు. ఓనర్ గారు కిటికీ వైపు చూస్తూ, సరేలేవయ్యా, పనిలోకి రా అని తాళం చెవి చాపాడు. కరీముల్లా తీసుకోలేదు.

"ఒక్క తాళమైతే నాకొద్దండి. రెండోది వేయించండి, దాని చెవి అన్నయ్య దగ్గరుండాలి."

ఓనర్ గారు, ఇంకా కోపమేనా అన్నాడు. కోపం కాదు. నాకు అర్థమైంది. బారు పనిలోకి వచ్చే కుర్రాళ్ళు ఇప్పటికీ, రెండో తాళం మామీద నమ్మకం లేక వేశారంటారు. తలుపు ఒక్కడి చేతిలోనే ఉంటే, లోపల ఏం పాడైనా ఆ ఒక్కడే దొంగ. వేడికి పాడైనా సరే. నీ పక్కన నిలబడి చెప్పడానికి ఇంకొకడు ఉండాలి, ఆ రెండో తాళం అందుకని వాళ్ళకి చెబుతుంటాను.