ఖాజా సార్ కత్తిరించని మాట

మొన్న కట్టంగూర్ నుంచి నల్గొండ వస్తుంటే ఆటో డ్రైవరు రేడియో తిప్పాడు. స్టేషన్‌కూ స్టేషన్‌కూ నడుమ వచ్చే ఆ గరగర చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే హైదరాబాదు గొంతు ఒకటి అందుకుని అద్భుతమైన అవకాశమంటూ ఊదరగొట్టింది. ఏ ఊరి దుకాణమో, ఎవరిదో చెప్పదు. ఒళ్లు మండింది. ఖాజా సార్ వింటే రేడియో కట్టేయమనేవారు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నల్గొండ గడియారం దగ్గర, మందుల దుకాణం పైన రెండు గదుల్లో మా ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ ఉండేది. ఖాజా సార్ దానికి మేనేజరు. అంతకుముందు ఆటోకు మైకు కట్టుకుని ఊరూరా ప్రచారం చేసిన మనిషి. నేను అనౌన్సరుగా చేరాను. నా గొంతు మీద నాకు మహా గర్వం. ఆయనేమో ప్రకటనలు నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎవరి దుకాణం గురించి వాళ్లే మాట్లాడాలి. మేమే రికార్డరు పట్టుకుని వాళ్ల గల్లా దగ్గరికి పోవాలి. ఆ ఇంట్లో ఎవరైనా పోతే దినాలయ్యేదాకా ఆ ప్రకటన ఆపాలి. అదీ మా పద్ధతి.

స్టీలు సామాన్ల యాదయ్యకు మా రేడియోలో మంచి పేరు. పెళ్లి బిందెల గురించి ఆయన నవ్వుతూ చెబుతుంటే వినేవాళ్లు పని ఆపేసేవారు. అలాంటి మనిషి ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. దినాలయ్యాక ఆయన తమ్ముడు స్టేషన్‌కు వచ్చి, ఇక ప్రకటన వద్దు, దుకాణం కిరాయికిస్తున్నామన్నాడు. మొగుడు పోయిన మనిషి గల్లా మీద కూర్చుంటే పెళ్లి సామాన్లకు ఎవరొస్తారన్నది అతని మాట. ఖాజా సార్ అంతా విని, "మా వదినె ఏమంటాంది?" అని అడిగారు. యాదయ్య ఆయనకు అన్న వరస మరి. తమ్ముడు ఆమెను అడగనే లేదట.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. యాదయ్య భార్య సత్తెమ్మ మూల గదిలో గోడకానుకుని ఉంది. ఎదురొస్తే అపశకునమంటారని వాకిట్లోకి కూడా రావడం లేదట. దుకాణం కావాలా అంటే తల ఊపింది. అది పోతే తనకింకేం లేదంది.

"నాకు మాటలు రావు సార్. మాటలన్నీ ఆయనయే."

"రేడియోల మొఖం కనవడదు వదినె. ముందు నీ గొంతును వాళ్ల ఇండ్లకు పోనీ. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నేను రికార్డరు ఆమె ముందు పెట్టాను. ఆమె ఇలా అంది: "నేను స్టీలు యాదయ్య పెండ్లాన్ని. ఆయన సచ్చిపోయిండు. దుకాణం తెరిసే ఉంటది. బిందెల మీద పేర్లు మొదటి సంది నేనే కొట్టిన. ఇప్పుడు గూడ నేనే కొడత. రాండ్రి."

పెళ్లి సామాన్ల ప్రకటనలో చావు మాటా! ఆ ఒక్క వాక్యం కత్తిరిద్దామని స్టేషన్‌లో గంటసేపు బతిమాలాను. ఖాజా సార్ కదలలేదు. "అందరికీ ఎరికే గద బిడ్డా. మనం దాస్తె ఆమె సిగ్గువడాల్నా?" అన్నారు. అలాగే వేశారు.

మరుసటి రోజు పొద్దున సత్తెమ్మ దుకాణం తెరిచింది. మేమిద్దరం ఎదుటి హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. జనం దుకాణం దాకా వచ్చి, ఆమెను చూసి, పక్కకు తప్పుకుని పోతున్నారు. నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం దాటాక ఒక పెద్దామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగితే ఈమె కూడా పోతుందనుకున్నాను. చెప్పులు విడిచి లోపలికి నడిచింది. మేం లేచి దుకాణం మెట్ల దాకా పోయాం.

"రేడియోల విన్న. నా పెండ్లి బిందె మీద పేరు నువ్వు కొట్టిందేనట గద చెల్లె. మా బిడ్డది గూడ నువ్వే కొట్టు."

సత్తెమ్మ ఏడుస్తూనే పేరు చెక్కే మిషన్ అందుకుంది. ఖాజా సార్ మొహం తుడుచుకుని, స్టేషన్‌కు టైమవుతోంది నడువమన్నారు.

ఆ స్టేషన్ మూతబడి చాలా కాలమైంది. ఖాజా సార్ కూడా లేరు. నేనిప్పుడు కాలేజీలో పిల్లలకు మైకు ముందు మాట్లాడడం నేర్పుతున్నాను. తమ గురించి చెప్పమంటే నాన్న కూలి పని చేస్తాడన్న మాటనో, అమ్మ లేదన్న మాటనో కొట్టేసి, తక్కినదంతా అందంగా రాసుకొస్తారు. ఆ కాగితం పక్కన పెట్టించి, కొట్టేసిన ఆ మాట దగ్గరే మొదలుపెట్టమంటాను.