రెండు ముళ్లు పడిన పొద్దు

పెద్దనాయిన రోడ్డు మీద పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట "రోడ్డుకు ఏ పక్కన?" అని. ఇంట్లో అందరూ నా మొహం చూశారు. "దీనికి మనసే లేదు," అంది అమ్మ. దినాలు అయ్యేదాకా వచ్చినవాళ్లందరికీ అదే చెప్పింది. నాకు మనసు లేక కాదు. నాకు ఆ రోడ్డు తెలుసు.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటి మగ్గం మనిషి. మాటలు వచ్చినప్పటి నుంచి పెద్దనాయిన అనే పిలిచాను. వారానికోసారి నేసిన చీరలు మూటగట్టుకుని నారాయణపేటలో సేటుకు ఇచ్చి వచ్చేవాడు. పొద్దున ఏడున్నర బస్సుకు ఆయన మూటతో, నేను కాలేజీ బ్యాగుతో. అది వస్తే.

రాకపోతే ఆయన తిట్టేవాడు కాదు. మగ్గం గుంజకు ఒక తెల్ల నూలు పోగు వేలాడుతుండేది. రోజూ బస్సు వేళ దాటాక మగ్గం దగ్గరికి వచ్చి, బస్సు వచ్చిన రోజు దానికి ఒక ముడి వేసేవాడు. రాని రోజు ముడి మీద ముడి. "రాలేదని మనం పెట్టుకోకపోతే వచ్చినట్టే రాసుకుంటరు బిడ్డా," అనేవాడు.

బస్సు రాని రోజు సైకిలే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సైకిళ్లకు, నడిచేవాళ్లకు పక్కన మీటరున్నర జాగా వదులుతామని బోర్డు పాతారు. బోర్డు ఇప్పటికీ ఉంది. తారు అంచు దాటితే మాత్రం గాడి, కంకర. ఒకసారి ఆయన సైకిల్ దిగి, చీర కొలిచినట్టు మోచేత్తో ఆ అంచును కొలిచాడు. "మూడు మూరలకు పైనే రాసిండ్రు. మూరెడు లేదు. నేను గిట్ల నేస్తే సేటు చీర మొకం మీద కొడ్తడు. వీళ్లనెవరు కొట్టాలె?"

డిగ్రీ అయ్యాక ఆ పోగు ముందేసుకుని, ముడికో తేదీ చొప్పున అర్జీ రాశాను. ఇద్దరం బస్సు డిపోలో ఇచ్చి వచ్చాం. నెలల తర్వాత పిలిచారు. అధికారి రిజిస్టర్ తెరిచాడు గానీ మా వైపు తిప్పలేదు. "నువ్వు రాలేదన్న రోజు బండి వచ్చింది, టికెట్లు గూడ తెగినయమ్మా. దారం చూసి అర్జీలు రాస్తరా?" అని అర్జీ పక్కన పడేశాడు. పక్క టేబుల్ ఆయన నవ్వాడు.

తప్పు నాది. అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ముట్టని రోజు ముడి పడదు. నేను క్యాలెండర్ మీద ముడికో రోజు లెక్కేసుకుంటూ పోయాను. ఒక అమావాస్య దాటేసరికి నా తేదీలు ఒక రోజు తప్పాయి, ఇంకొకటి దాటేసరికి రెండు. నేత వాడలో పుట్టిపెరిగిన దాన్ని, పట్నం పిల్లలా లెక్కపెట్టాను.

బస్టాండు బయట చాయ్ తాగుతూ ఆయనకు చెప్పాను. సాసర్‌లో పోసుకున్న చాయ్ ఊదుతూ, "అమాస మర్సిపోయినవా? డిగ్రీల అది చెప్పరా?" అని నవ్వాడు. తర్వాత, "పోగు తెగితే మగ్గం ఇడిసిపెడ్తమా బిడ్డా, అతుకుతం. మల్ల రాయి."

రాస్తానన్నాను. పరీక్షలు, ఇంటర్వ్యూలు అనుకుంటూ ఏడాది గడిపాను. రాయలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

పోయిన నెల ఆ గాడి దగ్గరే టిప్పర్ తగిలింది. సైకిల్ మనిషే రోడ్డు మీదికి వచ్చాడని పోలీసులు రాసుకున్నారు. పక్కన జాగా ఉందో లేదో ఎవరూ కొలవలేదు. డిపోలో అడిగితే ఆ రోజు ఏడున్నర బస్సు తిరిగిందన్నారు. "బస్సుండంగ ముసలాయన సైకిల్ మీద ఎందుకు పోయిండో, మొండి మనిషి," అన్నాడు మా బాపు. ఇప్పుడు ఊరంతా అదే మాట. చావు కూడా ఆయన తప్పే అయింది.

మొన్న ఆయన భార్య, పెద్దమ్మ, పిలిచింది. మగ్గం మీద చీర సగంలో ఉంది. "గా దారం తియ్యబుద్ధయితలేదు బిడ్డా," అంటూ గుంజకు వేలాడుతున్న పోగు చూపించింది. ఈసారి చివరి నుంచి వెనక్కి, అమావాస్యలు వదిలేస్తూ, నెలల పాటు లెక్కపెట్టాను. నేను ఇంటర్వ్యూలకు పోదామని బస్సు కోసం నిలబడి తిరిగొచ్చిన రోజులన్నీ రెండు ముళ్ల మీదే పడ్డాయి.

చివరి ముడి ఆయన పోయిన పొద్దుటిది, సైకిల్ తీసే ముందు వేసింది. ముడి మీద ముడి. దాని కింద ఇంకా జానెడు పోగు, ఏ ముడీ లేకుండా, తలుపు తెరిచినప్పుడల్లా కదులుతోంది.

ఆదివారం నన్ను హైదరాబాద్ కోచింగ్‌కు పంపాలని అమ్మ బ్యాగు సర్దింది. "దారం పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరుగుతవా?" అంది.

తిరుగుతాను. హైదరాబాద్ వెళ్లడం లేదు. సోమవారం పెద్దమ్మను వెంటబెట్టుకుని, ఆ పోగు తీసుకుని కలెక్టరేట్‌కు వెళ్తున్నాను.