ఎడపల్లి ఇంట్లో ఎర్త్ గుంత

2024 ఎండాకాలం. నిజామాబాద్‌లో ఎలక్ట్రీషియన్‌గా అప్పటికే నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. కార్ల ఛార్జర్లు బిగించడం మాత్రం కొత్త. ఎడపల్లిలో గంగారాం అనే చెరుకు రైతు కరెంటు కారు కొన్నాడు, ఇంట్లో ఛార్జర్ పెట్టాలని పిలిస్తే వెళ్లాను.

వెళ్లగానే ఎర్తింగ్ ఏదని అడిగాను. లీకైన కరెంటు మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోయేందుకు వేసే దారి అది. గుంత తవ్వి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ నింపాలి. గంగారాం ఇంటికి అది లేనే లేదు. వాకిలి నిండా మాత్రం కొత్త టైల్స్ మెరుస్తున్నాయి.

"జరంత జాగ ఇయ్యి అన్నా, రెండు టైల్స్ తీస్తే సాలు," అన్నాను.

"టైల్స్ ముట్టుకోకు తమ్మీ, పోయిన నెలనే ఏయించిన. ఫ్రిజ్, టీవీ అన్నీ నడుస్తలేవా? గీ డబ్బకే ఎందుకు గుంత?"

ఫ్రిజ్ ఎర్త్ లేకున్నా నోరు మూసుకుని నడుస్తుంది. ఛార్జర్ అలా కాదు, ముందు ఎర్త్ చూసుకుంటుంది. లేకపోతే ఎర్రలైటు వెలిగించి మొండికేస్తుంది. ఇదే మాట నాలుగుసార్లు చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. బిగించాను, ఎర్రలైటే వచ్చింది. డబ్బా ఖరాబుందన్నాడు. మార్చి తెచ్చాను, మళ్లీ ఎర్రలైటే. ఈసారి నాకు పనే రాదన్నాడు. చివరికి బామ్మర్దికి ఫోన్ చేసి కనుక్కుని, నాతో "న్యూట్రల్‌కు, ఎర్త్‌కు సిన్న వైరు ముక్క కలిపితే అయితదంట గదా," అన్నాడు.

న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి పోయే వైరు. ఆ ముక్క కలిపితే ఎర్త్ ఉందనుకుని ఛార్జర్ మోసపోతుంది. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిందంటే కారు ఒళ్లంతా కరెంటే. అదీ చెప్పాను.

"రేపు పొద్దుగాల అవ్వను కంటి ఆపరేషన్‌కు తోల్కపోవాలె. గీ ఒక్కరోజుకు నడిపియ్యి," అని పట్టుబట్టాడు.

నా తల ప్రాణం తోకకు వచ్చింది. ఈ మనిషి నుంచి బయటపడితే చాలనిపించింది. వైరు ముక్క కలిపాను. పచ్చలైటు వచ్చింది. గంగారాం నా భుజం తట్టి చాయ్ పోయించాడు.

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. తెల్లారగానే బండి తీసుకుని ఎడపల్లి చేరాను. అవ్వ, అంటే గంగారాం తల్లి, వాకిట్లో నీళ్లు చల్లుతోంది. చూపు సరిగా ఆనదు కాబట్టి ఒక చేత చెంబు, రెండో చేత్తో కారును తడుముకుంటూ నడుస్తోంది. తడి నేల, కాళ్లకు చెప్పులు లేవు. కారు ఇంకా ఛార్జింగ్‌లోనే ఉంది.

పరుగెత్తుకెళ్లి మెయిన్ ఆపేశాను.

"ఏమైంది? నిన్న నడిచింది గదా," అంటూ గంగారాం బయటికి వచ్చాడు.

"నడిచింది. న్యూట్రల్ తెగి ఉంటే మాత్రం, గిప్పుడు కారు మీద చెయ్యి పెట్టంగనే అవ్వ పాణం పోతుండె."

గంగారాం లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చి, తన టైల్స్ తనే పగలగొట్టాడు. అవ్వ నా గొంతు వచ్చిన వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"గంత ఎరుకున్నోనివి, మరి నిన్న ఎందుకు కలిపినవ్ బిడ్డా?"

నేను ఆ వైరు ముక్క పీకేసి, గడ్డపార అందుకున్నాను. అప్పట్నుంచి గుంత తవ్వనిదే ఛార్జర్ గోడకు బిగించను. కోప్పడి పంపేసినవాళ్లున్నారు, పంపేయనీ. ఆ రోజు గంగారాం అర్థం కాక అడిగాడు. నేను తెలిసి చేశాను.