ప్రేమానందం మేస్టరు పెట్టిన సంతకం

ప్రేమానందం మేస్టరు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన పోయి ఆరు నెలలు కాలేదు, అప్పుడే మా చెడుగుడు సంఘంలో ఆ పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకునేవాళ్ళు తయారయ్యారు. "ఆ అంపైరు గదప్పా, రైల్వే పిలగాణ్ణి సంపించినోడు" అంటారు. అన్నవాడి పళ్ళు రాలగొట్టాలనిపిస్తుంది నాకు. కానీ కొట్టను, ఆ హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెప్పుకోవడానికే ఈ రాత.

నా పేరు కృష్ణమూర్తి నాయుడు, ఊరు పూతలపట్టు. చెరుకు, చెనక్కాయ పండించుకునే సంసారం. పదహారేళ్ళు చెడుగుడు ఆడాను. ఒకసారి నా చేతికి చిక్కినవాడు గీత దాటి పోయింది లేదని మా చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. ఆ మాట విని నేనూ పొంగిపోయేవాణ్ణి. మగవాడికి పొగడ్త కల్లుకంటే చెడ్డది.

మేస్టరు మా ఊరి అవతల పాలెంలో పుట్టాడు. తల్లీ తండ్రీ మా పొలాల్లోనే కూలికి వచ్చేవాళ్ళు. పాదిరీల దయతో చదువుకుని చిత్తూరులో ఒక మిషన్ బడిలో డ్రిల్లు మేస్టరయ్యాడు. బక్కపలచని మనిషి. నిక్కరు మడత చెడేది కాదు, గొంతు పైకి లేచేది కాదు. చెడుగుడులో ఆయనకు తెలియని కిటుకు లేదు. అయినా మాతో ఎప్పుడూ ఆడలేదు. మేము ఆడనివ్వలేదు అంటే నిజం. చెడుగుడంటే ఒకరినొకరు ముట్టుకునే ఆట, పాలెం వాళ్ళను మేము ముట్టుకోము. అందుకని ఆయన్ను అంపైరును చేశాం. అంపైరును ఎవరూ ముట్టుకోనక్కర్లేదు గదా. మా తెలివి అట్లాంటిది.

సంఘం పుట్టింది ముప్పై ఎనిమిదిలో. చిత్తూరు, పూతలపట్టు, పలమనేరు మావి. గుడియాత్తం అరవవాళ్ళది. ముళబాగిలు మైసూరు మహారాజు ఏలుబడి. ఊరికొక పద్ధతి, గీత దగ్గరికి వస్తే రోజూ తగువే. అందరికీ ఒకే పద్ధతి ఉండాలని మూడు భాషల్లో ఉత్తరాలు రాసి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది మేస్టరే. కూర్చున్నాక మేము చేసిన మొదటి పని ఏమిటంటే, ఐదు ఊళ్ళకూ తలా రెండు ఓట్లు రాసుకుని, ఆయన్ను ఓటు లేని కార్యదర్శిని చేశాం. తర్వాత రేణిగుంట రైల్వే జట్టుతో కలిపి ఇంకో ఎనిమిది జట్లు చేరాయి. వాళ్ళకూ ఓట్లు లేవు. వచ్చి ఆడాలి, దెబ్బలు తినాలి, పోవాలి. అధ్యక్షుడు చిత్తూరు బెల్లం మండీ దేవరాజులు. ఆయన మాటకు అడ్డం లేదు.

మా వైపు ఒక ఆచారం ఉండేది, తోడుకూత అంటారు. ఒకడు కూత పెడుతూ అవతలి బరిలోకి పోతే, ఇవతల నిలబడ్డ వాడి జట్టంతా వాడితో పాటు గొంతెత్తి కూత పెడుతుంది. వాడికి ధైర్యమని పైకి చెప్పేవాళ్ళు. అసలు సంగతి వేరు. ఆ గోలలో వాడు గుటుక్కున ఒక ఊపిరి దొంగిలించినా ఎవరికీ వినపడదు. పట్టుకున్నవాళ్ళు మాత్రం కూత ఆగేదాకా పట్టు వదలరు. కూత ఆగాకే అంపైరు ఈల వేయాలి. ఇన్ని గొంతుల్లో ఒక గొంతు ఆగిందో లేదో ఏ దేవుడికి తెలుస్తుంది?

ఇది ఏదో ఒకనాడు ప్రాణం మీదికి తెస్తుందని మేస్టరు మూడుసార్లు రాతపూర్వకంగా చెప్పాడు. తోడుకూత మానాలి, మెడమీద చెయ్యి వేయరాదు, అంపైరు ఈల వేస్తే ఎవడైనా సరే వదలాలి అన్నాడు. దేవరాజులు ఆ కాగితాలను ఏ గంపలో వేశాడో తెలియదు. మేము మాత్రం నవ్వుకున్నాం. చెడుగుడు ఆడేవాడికి మెడనొప్పి భయమైతే ఇంట్లో పిండి రుబ్బమన్నాం.

నలభై ఆరు ఏప్రిల్లో పలమనేరులో ఆఖరి పందెం. మాకూ రేణిగుంట జట్టుకూ పోటీ. వాళ్ళలో తిరుమలయ్య అని ఇరవై రెండేళ్ళవాడు, స్టేషనులో పోర్టరు. తండ్రి లేడు. తల్లి గంగులమ్మ రైల్వే గేటు దగ్గర ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునేది. వాడు మా బరిలోకి వచ్చి ఇద్దరిని తాకి తిరిగిపోతుంటే గీతకు జానెడు దూరంలో దొరకబుచ్చుకున్నాను. వెల్లకిలా పడ్డాడు. పైన ఇంకో ముగ్గురు పడ్డారు. నా ముంజేయి వాడి గొంతుకు అడ్డంగా ఉంది.

అవతల ఆరుగురు కూత పెడుతున్నారు. మేస్టరు పరుగెత్తుకొచ్చి వంగి చూశాడు.

"ఇడవండప్పా. పిలగాడికి ఊపిరాడ్డంలే."

కుర్చీలోంచి దేవరాజులు అరిచాడు: "నియమం తెల్దా మేస్టరూ? కూత ఇనపడతా ఉండాది గదా. నువ్వు గీత బయటికి పో."

మేస్టరు పోలేదు. నా భుజం పట్టి వెనక్కి లాగాడు. ఎనిమిదేళ్ళలో ఆయన మమ్మల్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. నాకు ఒళ్ళు మండింది. పిల్లవాడి ప్రాణం సంగతి కాదు, ఈయన నన్ను ముట్టుకుంటాడా అని మండింది. మోచేత్తో విసిరికొడితే ఆయన మట్టిలో పడ్డాడు. నా చేతికింద గొంతు కదలడం లేదని అప్పటికే నాకు తెలుసు. దొంగ ఊపిరి కోసం నటిస్తున్నాడనుకున్నాను. అట్లా అనుకున్నాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

అవతలివాళ్ళ ఊపిరి అయిపోయి ఒక్కొక్క గొంతే ఆగింది. మైదానమంతా నిశ్శబ్దం. మా కింది నుంచి ఏ కూతా రాలేదు.

ఆ తర్వాత సంఘానికి నిప్పంటుకుంది. పోలీసులు వచ్చారు. గుడియాత్తం వాళ్ళు, ముళబాగిలు వాళ్ళు పద్ధతులు మారిస్తే ఉంటాం, లేకుంటే ఈ సంఘానికో దండం అన్నారు. ఓట్లు లేని ఎనిమిది జట్లూ ఆట ఆపేశాయి. దేవరాజులు గుండెనొప్పి అని కుర్చీ దిగాడు. కాలుతున్న కుర్చీలో ఎవడు కూర్చుంటాడు? మేస్టరును కూర్చోబెట్టాం. రేపు ఎవరినైనా కోర్టుకు ఈడ్చాల్సి వస్తే ఆయన ఉంటాడని మా ఎత్తు. ఆయనకు అది తెలియక కాదు, తెలిసే కూర్చున్నాడు.

వేసవి సెలవులంతా ఊరూరూ తిరిగాడు. బస్సు ఉంటే బస్సు, లేకుంటే నడక. మా ఇంటికీ వచ్చాడు. అరుగు కిందే నిలబడ్డాడు. కూర్చోమని నేనూ అనలేదు.

"మూడు పద్దతులు మార్సాల నాయుడుగారూ. పదమూడు జట్లకూ తలా ఒక ఓటు ఇయ్యాల. అది మాత్రం లేకపోతే, ఈ పొద్దు మార్సిన పద్దతి రేపు మీ ఐదూళ్ళోళ్ళే మళ్ళా తిప్పేస్తారు" అన్నాడు.

"మా ఓటు మేమే తగ్గించుకోవాల్నా?"

"అవును. ఇంకో పిలగాడు సావకుండా ఉండాలంటే తగ్గించుకోవాల."

ఆయన దండం పెట్టి పోయాడు. ఆయనకు దాహమైనట్టుంది, మంచినీళ్ళు అడగలేదు. మేము ఎట్లా పోస్తామో ఆయనకు తెలుసు.

జూన్‌లో చిత్తూరు బెల్లం మండీ వసారాలో సభ. గుడియాత్తం, ముళబాగిలు ఓట్లు నాలుగూ మేస్టరు వైపు. చిత్తూరు, పలమనేరు ఓట్లు నాలుగూ ఎదురు. మిగిలినవి పూతలపట్టు రెండు, అంటే నావి. అందరూ నా వైపు చూశారు. నాకు ఓటు కంటే జైలే ఎక్కువ కనపడుతోంది. ఎస్సై రెండుసార్లు ఇంటికి వచ్చి, గొంతు మీద చెయ్యి ఎవరిదని అడిగి పోయాడు.

దేవరాజులు నన్ను బెల్లం దిమ్మెల వెనక్కి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. అప్పటికే రాసి పెట్టుకున్నాడు. "ఆటగాళ్ళు నియమం ప్రకారమే ఆడారు. కూత ఆగిన సంగతి గమనించక, సకాలంలో ఈల వేయక, అంపైరునైన నేనే ఈ మరణానికి కారణమైనాను." కింద సంతకానికి చోటు.

"మేస్టరు చేత దీని మీద సంతకం పెట్టించు. మీరు నలుగురూ, నేనూ బయటపడతాం. తర్వాత నీ ఓటు యాడన్నా ఏసుకో" అన్నాడు.

ఆ కాగితాన్ని నేనే తీసుకుపోయి మేస్టరు ముందు పెట్టాను. నా రెండు ఓట్లు కావాలంటే ఇది కావాలన్నాను. ఆయన నిదానంగా రెండుసార్లు చదివాడు. తర్వాత తలెత్తి నా చేతికేసి చూశాడు. మొహంకేసి కాదు, చేతికేసే.

"దీంతో నా ఉద్దోగం పోతాది" అన్నాడు.

నేను సిరాబుడ్డి ఆయన ముందుకు జరిపాను.

"ఆ తల్లి నన్నే తిట్టుకుంటాది."

కలం ముంచి కాగితం పక్కన పెట్టాను.

"సరే. నేను ఈ మాట ఎప్పటికీ ఎనక్కి తీసుకోను. మీరు ఓటు ఎనక్కి తీసుకోబాకండి."

సంతకం పెట్టాడు. ఓట్లు ఆరు, నాలుగు. తోడుకూత పోయింది, మెడపట్టు పోయింది, ఈల మాటే ఆఖరిమాట అయింది. జట్టుకొక ఓటు వచ్చింది. ఆ మధ్యాహ్నమే, ఇంత తప్పు చేసినవాడు మళ్ళీ ఈల పట్టరాదని, సంఘంలో ఉండరాదని దేవరాజులు ఇంకో తీర్మానం పెట్టాడు. ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు. నేనూ చెయ్యెత్తాను.

పోలీసుల దస్త్రం మూసేశారు. బడివాళ్ళు వారంలో ఆయన్ను తీసేశారు. భార్య సంతోషమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బడి ఇచ్చిన ఇంట్లోంచి సామాను బయటికి మోసిందని తర్వాత విన్నాను. ఎక్కడా పని దొరకక, ఆఖరికి రేణిగుంట గూడ్సు షెడ్డులో మూటలు దింపించే మేస్త్రీగా కుదిరాడు. రైల్వే గేటు దాటకుండా ఆ షెడ్డుకు పోవడానికి దారి లేదు. గేటు దగ్గర గంగులమ్మ కూర్చుంటుంది.

ఒకసారి మా చెనక్కాయ మూటలు బండికి ఎక్కించడానికి పోయి, కళ్ళారా చూశాను. ఆయన గేటు దగ్గరికి రాగానే ఆమె తట్ట పక్కన పెట్టి లేచింది. గుప్పెడు మన్ను తీసి మొహాన కొట్టింది.

"నా కొడుకును మింగినోడా. నీ ఇంట దీపం ఆరిపోను."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చున్నాక తుండుతో కళ్ళు తుడుచుకుని ఇవతలికి వచ్చాడు. ఇది రోజూ ఉండేదేనని మూటలవాళ్ళు చెప్పారు. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. నాకైతే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"మా పాలెం జట్టును సేర్సుకున్నారంట గదా. నిజంగానే ముట్టుకుంటా ఉండారా?" అని అడిగాడు.

"ముట్టుకుంటా ఉండారు మేస్టరూ. పోయిన నెల నన్నే పట్టి పడేసినారు."

"దెబ్బలేం తగల్లే గదా ఎవురికీ?"

"లే."

ఆయన మొహం వెలిగింది. కనురెప్పల్లో ఇంకా మన్ను ఉంది. నేను ఆ తల్లి దగ్గరికి పోయి నిజం చెప్పేస్తానని అన్నాను. అన్నానంతే. "వద్దు. మీరిప్పుడు నోరు తెరిస్తే దేవరాజులుగారు ఆ కాగితమే సెల్లదంటాడు, సభే సెల్లదంటాడు. గమ్మునుండండి" అన్నాడు. అమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని బతుకు, అమ్మయ్య అనే అనుకున్నాను.

నలభై తొమ్మిది ఆగస్టులో ఆయన రొమ్ముజబ్బుతో పోయాడు. మూటల దుమ్మే తినేసిందన్నారు. సమాధి దగ్గర సంఘం తరపున ఒక్కడూ లేడు. నేను పోయి గోడ అవతల నిలబడి వచ్చాను. ఆ మూడేళ్ళలో మా ఆటలో ఒక్కడికి మెడ విరగలేదు, ఒక్క ప్రాణం పోలేదు. దేవరాజులు కూడా ఇప్పుడు ఆ పద్ధతులు తనే పెట్టినట్టు మాట్లాడుతున్నాడు. ఇక సభ చెల్లదనేవాడు ఎవడూ లేడు. నేను నోరు తెరవడానికి అడ్డమూ లేదు.

ఆయన పోయిన మూడోనాడు రేణిగుంట పోయాను. గేటు దగ్గర ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుని అంతా చెప్పాను. గొంతు మీది చెయ్యి నాదని, మేస్టరు నన్ను లాగితే తోసేశానని, కాగితం మీద సంతకం నేనే పెట్టించానని చెప్పాను. ఆమె చెనక్కాయలు కొలిచే డబ్బా చేతిలో పట్టుకుని కదలకుండా విన్నది.

"ఆయప్ప లాగినాడా నిన్ను?"

"లాగినాడమ్మా."

"మూడేండ్లు మన్ను పోసినానే ఆయప్ప మొగాన. ఒక్కనాడన్నా 'నేను గాదమ్మా' అనలేదే."

నేను కిందికి వంగి గుప్పెడు మన్ను తీసి ఆమె చేతికి అందించాను. నా మొహాన కొట్టమన్నాను. ఏడుస్తూనే అడిగాను. ఆమె దాన్ని పుచ్చుకోలేదు.

"మూడు దినాల ముందొచ్చింటే పోయి ఆయప్ప కాళ్ళు పట్టుకోనుంటి. నువ్వు నీ బరువు దించుకునేదానికి వచ్చినావు. నాది యాడ దించుకోవాలప్పా?"

ఆ మాట అని ఆమె తట్ట నెత్తికెత్తుకుని, గేటు దాటి అవతలికి వెళ్ళిపోయింది.