స్తమేనా ఇచ్చిన సంజాయిషీ

డాన్యూబు ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో ఏడో నంబరు ట్రాలీబస్సు ఎక్కేవారికి కండక్టర్ స్తమేనాను పరిచయం చేయవలసిన పని లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ బండిలో నిలబడే ఉద్యోగం చేసింది. మేలు పొందినవారే పదిమంది నోరు తీపి చేయడం ఆ ఊరి మర్యాద. బిడ్డ పుట్టినా, కొత్త ఇల్లు కుదిరినా, పెట్టె తెరిచి అందరి ముందూ చాపవలసింది వారే. తీసుకునేవారు ముందుగా “దేనికి?” అని అడగాలి, కారణం విని, దీవించి, ఆ తరువాతే నోట వేసుకోవాలి. తక్కినవారు ఏడాదికి రెండు మూడుసార్లు చేసే ఈ పనిని స్తమేనా వారానికి రెండు మూడుసార్లు చేసేది. ఆమె సంచిలో టికెట్ల కట్ట పక్కనే చక్కెరపొడి అద్దిన లోకుం అనే మిఠాయి ముక్కల పెట్టె ఎప్పుడూ ఉండేది.

“ఇవాళ దేనికి పిన్నీ?” అని అడిగేవాడు రోజూ బజారు దగ్గర ఎక్కే తాళాల మెకానిక్కు.

“మోకాలు నొప్పి పెట్టకుండా నాలుగంతస్తులు దిగానురా.”

“లిఫ్టు పాడైందా?”

“పాడవకపోతే మోకాలు బాగుందని నాకెలా తెలుస్తుంది? తీసుకో.”

“చల్లగా ఉండు పిన్నీ. లిఫ్టు మాత్రం బాగుచేయించుకో.”

అటువంటి స్తమేనా, కిందటి ఏడాది మార్చి పద్నాలుగో తేదీ ఉదయం, బజారు స్టాపు దాటిన వెంటనే కమ్మీని పట్టుకున్న చేయి పట్టుతప్పి కిందికి జారిపోయింది. గుండె పట్టేసింది. డ్రైవరు ఫిక్రెత్ అద్దంలో అది చూశాడు. పైనున్న కరెంటు తీగలను వదిలి ట్రాలీబస్సు ఎటూ పోవడానికి వీల్లేదు. అయితే ఆస్పత్రి అదే తీగల కింద, పదకొండు స్టాపుల అవతల ఉంది. ఫిక్రెత్ తలుపులు మూసి, హారను మీద అరచేయి అదిమిపెట్టి, పదకొండు స్టాపుల్లో ఒక్కచోటా ఆపకుండా బండిని నడిపాడు. ఒకే తీగల మీద ఒక బండి మరొకదాన్ని దాటడానికి వీల్లేదు గనుక, ముందున్న బండి డ్రైవరు విషయం గ్రహించి తన బండిని పక్కకు తీసి, కరెంటు అందుకునే దాని కొమ్ములను తీగల నుంచి దించి దారి ఇచ్చాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమై ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని వైద్యురాలు చెప్పింది.

దిగవలసిన చోట దిగలేకపోయిన ముగ్గురు ప్రయాణికులు ఫిర్యాదులు రాశారు. ఫిక్రెత్‌ను స్టీరింగు నుంచి తప్పించి బండ్లు కడిగే యార్డుకు పంపారు. అతని ఫైలులో మూడు ఫిర్యాదులూ, ఒక శిక్ష ఉత్తర్వూ చేరాయి. ఒక మనిషి ప్రాణం నిలిచిందన్న ముక్క మాత్రం అందులో ఎక్కడా లేదు.

కోలుకుని తిరిగి డ్యూటీలో చేరిన స్తమేనా ఆ ముక్కను బండిలోనే చెప్పడం మొదలుపెట్టింది. లోకుం పెట్టె తెరిచిన ప్రతిసారీ, మోకాలి సంగతి అయ్యాక, ఫిక్రెత్ పేరు వచ్చేది. డిపో అధికారి మాన్చెవ్‌కు ఇది నచ్చలేదు. సిబ్బంది బండిలో తినుబండారాలు పంచరాదని ఒక సర్క్యులర్ వేసి, ప్రతి బండిలో తలుపు పక్కన అతికించాడు. స్తమేనాకు రెండు మెమోలు అందాయి. మూడోది అందితే ఉద్యోగం ఉండదు. పింఛనుకు ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి.

మళ్లీ మార్చి పద్నాలుగు వచ్చింది. స్తమేనా ఆ రోజు దుకాణంలో ఉన్నవాటిలో అతి పెద్ద పెట్టె కొని తెచ్చింది. మాన్చెవ్ ఆమెను పట్టుకోవడానికే బజారు దగ్గర బండెక్కాడు. గుమ్మంలో ఎదురుగా పెట్టె కనబడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటైన చేయి, మెమో పుస్తకాన్ని చంకలోకి నెట్టి, ఒక ముక్క అందుకుంది. నోట్లో పెట్టుకున్నాక గానీ అడగవలసిన మాట అతనికి గుర్తు రాలేదు.

“దేనికి?”

“ఫిక్రెత్ నన్ను బతికించి ఇవాళ్టికి ఏడాది సార్.”

మాన్చెవ్ నమలడం ఆపాడు. అతని మీసాలకు చక్కెరపొడి అంటుకుని ఉంది.

“దీవించకుండానే మింగేస్తారా ఏంటి సార్?” అన్నాడు తాళాల మెకానిక్కు వెనకనుంచి. బండంతా నవ్వింది.

మధ్యాహ్నం డిపో కార్యాలయంలో మాన్చెవ్ ఆమె ముందు తెల్లకాగితం పెట్టాడు. శిక్ష వేసేముందు సంజాయిషీ తీసుకోవడం నిబంధన.

“చూడండి స్తమేనా గారూ, నాకూ తల్లి ఉంది. మనుమరాలు పుట్టిందని రాసేయండి. ఇంట్లో శుభకార్యమంటే నేను చూసీచూడనట్టు వదిలేస్తాను.”

“మా అబ్బాయికి పెళ్లే కాలేదు సార్. వాడి పరువు తీయమంటారా?”

“ఎవరొచ్చి చూస్తారండీ? ఎనిమిది నెలలు ఓపిక పట్టలేరా?”

“ఏడాది పట్టాను కదా. ఆ ఫైల్లో ఫిక్రెత్ దొంగలా పడున్నాడు. కాగితం ఇటివ్వండి.”

ఆమె నిదానంగా, అక్షరం అక్షరం విడిగా, ఇలా రాసింది: “నేను ఈ దినము బండిలో లోకుం పంచిన మాట వాస్తవము. డ్రైవరు ఫిక్రెత్ కిందటి సంవత్సరము ఇదే తేదీన పదకొండు స్టాపులలో బండి ఆపక నా ప్రాణము కాపాడినందుకు పంచితిని. పశ్చాత్తాపము లేదు. వచ్చే సంవత్సరము కూడ పంచెదను.”

మాన్చెవ్ దాన్ని చదివి సొరుగు లాగాడు.

“సొరుగులో వద్దు సార్. ఇన్‌వార్డు నంబరు వేయండి.”

“తరవాత వేస్తాలెండి.”

“నేను కూర్చుంటాను. ఒక నకలు ఫిక్రెత్ ఫైలుకు వెళ్లాలి. ఉద్యోగి పేరున్న ప్రతి కాగితం అతని ఫైల్లో చేరాలన్నది మీ నియమమే. ఫిర్యాదులు అలాగే కదా చేరాయి?”

ఆమె నలభై నిమిషాలు కూర్చుంది. చివరికి మాన్చెవ్ ముద్ర వేశాడు. నంబరు మూడువందల పద్దెనిమిది. నకలు ఫిక్రెత్ ఫైలులో చేరడం కళ్లారా చూసిన తరువాతే ఆమె లేచింది.

యార్డులో ఫిక్రెత్ నీళ్ల గొట్టం కట్టేసి ఆమె మీద విరుచుకుపడ్డాడు.

“పిచ్చా అక్కా నీకు? నేను అడిగానా?”

“అడగలేదు. అందుకే రాశాను.”

“నీ ఉద్యోగం పోతుందే!”

“ప్రాణం ఉంచావు కదా, దాన్ని దాచుకుని ఏం చేసుకోను? ముక్క తీసుకో. చేతులు తుడుచుకో ముందు.”

తొమ్మిదో రోజున తొలగింపు ఉత్తర్వు వచ్చింది. స్తమేనా టికెట్ల సంచీ, టోపీ అప్పగించి, రసీదు తీసుకుంది. ఫిక్రెత్ యార్డులోనే ఉన్నాడు. పింఛను వచ్చేదాకా గడవడానికి ఆమె రెండు అపార్టుమెంట్లలో మెట్లు తుడిచే పని కుదుర్చుకుంది.

ఆ తరువాతి సోమవారం పనికి వెళ్తూ ఆమె ఏడో నంబరు బండెక్కి, టికెట్టు తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పెట్టె తెరిచింది. కొత్త కండక్టరు తెయొదోరా కంగారుగా తలుపు వైపు చూసింది.

“ఇక్కడ పంచకూడదంట పిన్నీ. అక్కడ అంటించారు.”

“చదువు.”

“సిబ్బంది బండిలో తినుబండారాలు పంచరాదు.”

“నేను సిబ్బందా?”

ఆ అమ్మాయి కాగితాన్ని మరోసారి చదివింది. ప్రయాణికుల గురించి అందులో ఒక్క మాటా లేదు. వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“దేనికి?”

“ఇరవై రెండేళ్లకి ఈ బండిలో నాకు కూర్చోడానికి సీటు దొరికింది. రెండు తీసుకో.”